కొత్త ముల్లు, పాత ఇంజిన్

పాత స్పోర్ట్స్ కారులో కొత్త మోడల్ మీటర్ క్లస్టర్ బిగించొచ్చా లేదా అన్నది కార్ల పిచ్చోళ్ళ మధ్య ఎప్పటికీ తెగని తగువు. ఒక వర్గం "ఒరిజినల్‌ని ముట్టుకుంటే పాపం" అంటుంది. ఇంకో వర్గం "నా కారు, నా డబ్బులు, నా ఇష్టం" అంటుంది. నేను రెండో వర్గమే, కాకపోతే ఒక షరతుతో. బిగించిన కొత్త ముల్లు నిజం చెప్పాలి. చెప్పలేకపోతే కదలకుండా పడుండాలి. అందంగా ఊగుతూ అబద్ధం చెప్పే ముల్లు కంటే చచ్చిపోయిన ముల్లే నయం.

ఇది ఎవరైనా ఒప్పుకునే మాటే కదా అంటారా? ఒప్పుకుంటారు, చెయ్యరు. ఎందుకు చెయ్యరో తెలియాలంటే ఆ డబ్బా వెనక ఏముందో కొంచెం చూడాలి.

(మధ్యలో ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే. "గేజ్"ని తెలుగులో ఏమంటారో వెతికితే "మాపకం" అని దొరికింది. ఇంట్లో చెప్తే ఎవరికీ అర్థం కాలేదు. అందుకే ఇక్కడ మీటర్ అంటే మీటరే. నీడిల్‌ని మాత్రం ముల్లు అంటాను. గడియారానికి ఉన్నప్పుడు కారుకి ఎందుకు ఉండకూడదు?)

మన సీఎస్‌ఈ వాళ్ళకి క్లస్టర్ అంటే వెంటనే తట్టేది "ఫ్రంట్ ఎండ్". ఇంజిన్, గేర్‌బాక్స్ బ్యాకెండ్, మీటర్లు వాటి స్క్రీన్. స్క్రీన్ మార్చితే ఏమవుతుంది, థీమ్ మార్చినట్టే కదా? నేనూ అలాగే విన్నాను, మా అన్నయ్య నోటి నుంచి. అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు. టెక్సస్‌లో ఎం.ఎస్. చేసి అక్కడే ఉద్యోగంలో ఉన్నాడు. తోటి తెలుగు ఫ్రెండ్స్ అందరూ బుద్ధిగా సెడాన్లు కొనుక్కుంటే తను వెతికి వెతికి 1992 మాజ్డా మియాటా కొన్నాడు. పెద్దమ్మకి ఇప్పటికీ మింగుడుపడలేదు. "రెండు సీట్ల కారేంట్రా, మేమొస్తే ఎక్కడ కూర్చోవాలి?" అంటుంది.

మియాటా అనేది అమెరికాలో పేరు, మిగతా చాలా చోట్ల ఎంఎక్స్-5 అంటారు. 1989లో షికాగో ఆటో షోలో బయటికొచ్చింది. పైకప్పు తీసేసే చిన్న టూ సీటర్. మొదటి తరం 1997 దాకా, ఆ తర్వాత 2005 దాకా రెండో తరం. అన్నయ్య కోరిక ఏంటంటే, రెండో తరం క్లస్టర్‌ని తెచ్చి మొదటి తరం కారులో పెట్టాలి. ఫోన్ చేసి, "ఒరేయ్, నాలుగు వైర్లు మారిస్తే అయిపోతుంది. ఏదైనా కోడ్ కావాలంటే నువ్వున్నావు కదా" అన్నాడు.

మొదటి వైరు దగ్గరే కథ ఆగింది. అసలు ఆ వైరే లేదు. 1992 మియాటాలో స్పీడోమీటర్‌కి వచ్చేది కరెంటు వైరు కాదు, గేర్‌బాక్స్ నుంచి తిరుగుతూ వచ్చే కేబుల్. సైకిల్ బ్రేక్ వైరులాంటిది, కానీ లాగదు, తిరుగుతుంది. దాని చివర మీటర్ లోపల ఒక అయస్కాంతం తిరుగుతుంది. పక్కనే ఉన్న లోహపు కప్పు, అయస్కాంతం తగలకపోయినా, దాని వెంట తిరగాలని చూస్తుంది. సన్నటి స్ప్రింగ్ వెనక్కి లాగుతుంది. రెండిటి మధ్య ఎక్కడ ఆగితే అదే మన స్పీడు. ఇంటర్‌లో ఎడ్డీ కరెంట్స్ అని బట్టీ పట్టింది ఇదే. కొత్త క్లస్టర్‌కి ఈ కేబుల్‌తో పని లేదు. దానికి ఎలక్ట్రికల్ పల్స్‌లు కావాలి. అంటే గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ తీసేసి సెన్సర్ పెట్టాలి.

సరే, పెట్టాం అనుకుందాం. ఇంకోటి ఉంది. ఆ కారు ఇంజిన్ కంప్యూటర్‌కి బండి కదులుతోందా లేదా అన్నది చెప్పేది ఎవరు? పాత స్పీడోమీటర్ వెనక ఉన్న చిన్న రీడ్ స్విచ్. అంటే మనం స్క్రీన్ అనుకున్నదే బ్యాకెండ్‌కి ఇన్‌పుట్ ఇస్తోంది. దాన్ని పీకి పక్కన పెడితే, హైవే మీద పోతున్నా ఇంజిన్ కంప్యూటర్ దృష్టిలో కారు ఇంకా షెడ్‌లోనే ఉంటుంది.

ఇలాంటిదే ఇంకోటి, ఇది చాలా కంపెనీల పాత కార్లలో ఉంటుంది. బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు చూసే ఉంటారు. ఆ బల్బు గుండా వెళ్ళే కొద్దిపాటి కరెంటే ఆల్టర్నేటర్‌ని మొదట మేల్కొలుపుతుంది. కొత్త క్లస్టర్‌లో బల్బు స్థానంలో ఎల్‌ఈడీ ఉంటే అంత కరెంటు పోదు, ఆల్టర్నేటర్ నిద్ర లేవకపోవచ్చు. ఎల్‌ఈడీకి సమాంతరంగా ఒక రెసిస్టర్ పెడితే పని జరుగుతుంది. రెండు రూపాయల రెసిస్టర్! కానీ అది కావాలని తెలియాలంటే, ఆ లైటు సమాచారం చూపించడంతో పాటు సర్క్యూట్‌లో కూలి పని కూడా చేస్తోందని తెలియాలి.

ఇక లెక్కల సంగతి. జపాన్ ప్రమాణం ప్రకారం స్పీడోమీటర్ కేబుల్ కిలోమీటరుకి 637 సార్లు తిరుగుతుంది. చుట్టుకి 4 పల్స్‌లు ఇచ్చే సెన్సర్ అయితే కిలోమీటరుకి 2,548. అమెరికాలో జీఎం కార్లలో బాగా కనిపించే లెక్క మైలుకి 4,000, అంటే కిలోమీటరుకి సుమారు 2,485. "దాదాపు ఒకటే కదా, వదిలెయ్" అనిపిస్తుంది. తేడా రెండున్నర శాతం. ముల్లు మీద అయితే కంటికి ఆనదు. కానీ ఓడోమీటర్ లెక్కపెట్టేది కూడా ఈ పల్స్‌లనే. లక్ష కిలోమీటర్లు తిరిగేసరికి 2,500 కిలోమీటర్లు ఎక్కువో తక్కువో చూపిస్తుంది. పైగా ఏ వైపు తప్పు అన్నది కూడా ముఖ్యమే. చాలా దేశాలు పాటించే ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపించొచ్చు, అది కూడా వేగంలో పదో వంతు, దాని మీద 4 కి.మీ. వరకే. 80లో పోతుంటే 92 దాకా చూపించినా చెల్లుతుంది, 79 చూపిస్తే చెల్లదు. చట్టం కూడా ఒక వైపు అబద్ధాన్నే క్షమిస్తుంది.

పెట్రోల్ ముల్లు ఇంకా తమాషా. ట్యాంకులో తేలే బెండు ఒక రెసిస్టెన్స్‌ని మారుస్తుంది, ముల్లు దాన్ని చదువుతుంది. పాత జీఎం కార్లలో ట్యాంకు ఖాళీ అయితే 0 ఓమ్‌లు, నిండితే 90. పాత ఫోర్డ్‌లలో ఖాళీకి 73, నిండితే 10. అసలు దిశే తిరగబడింది! ఒకదాని క్లస్టర్ ఇంకోదానికి తగిలిస్తే, పెట్రోల్ అయిపోయే కొద్దీ ముల్లు ఫుల్ వైపు పోతుంది. ఇది కనీసం నవ్వుకునే అబద్ధం. రెండు రోజుల్లో రోడ్డు మీద ఆగిపోయి దొరికిపోతాం.

దొరకని అబద్ధాలతోనే నా గొడవ.

మళ్ళీ మియాటాకి వద్దాం. 1990 నుంచి 1994 వరకు వచ్చిన మియాటాల్లో ఆయిల్ ప్రెషర్ మీటర్ నిజమైనది. ఇంజిన్‌లో ప్రెషర్ సెన్సర్ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ముల్లు బాగా పైకి లేస్తుంది, వేడెక్కి ఐడిల్‌లో నిలబడితే కిందికి దిగుతుంది, యాక్సిలరేటర్ నొక్కితే మళ్ళీ లేస్తుంది. 1995 మోడల్ నుంచి మాజ్డా వాళ్ళు సెన్సర్ తీసేసి స్విచ్ పెట్టారు. డయల్ అలాగే ఉంది, ముల్లూ ఉంది. కానీ లోపల జరిగేది ఇంతే: ప్రెషర్ ఒక చిన్న హద్దు దాటిందా, ముల్లు మధ్యలోకి వచ్చి నిలబడుతుంది. దాటలేదా, కింద పడుతుంది. మధ్యలో ఇంకేమీ లేదు. లైటు చెయ్యాల్సిన పనికి ముల్లు వేషం వేశారు. రెండో తరం క్లస్టర్‌లదీ ఇదే పద్ధతి.

ఇప్పుడు అన్నయ్య చెయ్యబోయే "అప్‌గ్రేడ్" చూడండి. పాత డబ్బా నిజం చెప్తోంది, కొత్త డబ్బాకి నిజం చెప్పడమే రాదు. కొత్తది పనిచెయ్యాలంటే ఇంజిన్‌లో ఉన్న మంచి సెన్సర్ తీసి స్విచ్ బిగించాలి. మామూలుగా ఇచ్చే సలహా కూడా అదే, "స్విచ్ వేసెయ్, ముల్లు సెంటర్‌లో చక్కగా నిలబడుతుంది" అని. చక్కగా నిలబడుతుంది. ముప్పై ఏళ్ళు దాటిన ఇంజిన్‌లో ఆయిల్ పంపు అరిగిపోతూ ప్రెషర్ నెల నెలా తగ్గుతున్నా చక్కగానే నిలబడుతుంది. ఒకరోజు హఠాత్తుగా కింద పడుతుంది. అప్పటికి బేరింగులు వెళ్ళిపోయి ఉంటాయి.

కంపెనీలు ఇలా ఎందుకు చేస్తాయో ఊహించొచ్చు. కదిలే ముల్లు మామూలు జనాన్ని భయపెడుతుంది, ప్రతి కదలికకీ సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తుతారు. చాలా కార్లలో టెంపరేచర్ ముల్లు కూడా అందుకే ఒక పెద్ద రేంజ్ మొత్తం మధ్యలోనే కూర్చునేలా చేస్తారు. రోజూ ఆఫీసుకి పోయే కారులో ఇది సమంజసమే అని ఒప్పుకుంటాను. కానీ ముప్పై ఏళ్ళ స్పోర్ట్స్ కారు కొన్నవాడికి ఆ కదలికే కావాలి. ఇంజిన్ వాడితో మాట్లాడే భాష అది.

ఇదే జబ్బు ఎర్ర గీతకి కూడా ఉంది. హోండా ఎస్2000 డిజిటల్ క్లస్టర్ అంటే పాత హోండాల వాళ్ళకి పడి చచ్చేంత ఇష్టం. 1999లో వచ్చిన ఆ కారులో ఆర్‌పీఎం విల్లులా వంగిన గీతగా వెలుగుతూ 9,000 దాకా పోతుంది. పాత సివిక్‌లో, సీఆర్‌ఎక్స్‌లో అది బిగించిన వీడియోలు చూస్తే నాకూ నోరూరుతుంది. కానీ ఆ 9,000 అనేది ఎస్2000 ఇంజిన్ సంపాదించుకున్న అంకె. మీ పాత ఇంజిన్ 7,000 దగ్గర చేతులెత్తేసేదైతే, కళ్ళ ముందు ఇంకా బోలెడు ఖాళీ వెలుగుతూ కనిపిస్తుంది. డయల్ మీద ఎర్ర గీత ఎక్కడుందో అది అలంకారం కాదు, ఒక ఇంజిన్ గురించి ఇచ్చిన మాట. ఇంజిన్ మారకుండా మాట మార్చలేం. ఒక చిన్న ఎర్ర స్టిక్కర్ ముక్క అతికించడానికి ఎందుకంత నామోషీయో నాకు అర్థం కాదు.

ఇంకా కొత్త కార్ల క్లస్టర్ తెస్తే ఆట పూర్తిగా మన మైదానంలోకి వస్తుంది. వాటిలో ఒక్కో మీటర్‌కి ఒక్కో వైరు ఉండదు. 1986లో బాష్ కంపెనీ పరిచయం చేసిన క్యాన్ బస్ అని ఉంది, రెండే వైర్లు. స్పీడు, ఆర్‌పీఎం, టెంపరేచర్ అన్నీ చిన్న చిన్న మెసేజ్‌లుగా, ఒక్కోటి 8 బైట్లు మించకుండా, సెకనుకి పదుల సార్లు వస్తూనే ఉంటాయి. పాత కారులో ఇవి పంపేవాళ్ళు లేరు కాబట్టి మధ్యలో ఒక మైక్రోకంట్రోలర్ పెట్టి, పాత సిగ్నల్స్ చదివి, కొత్త భాషలో మెసేజ్‌లు తయారుచేసి పంపాలి. ల్యాబ్‌లో ఎల్‌ఈడీ వెలిగించి రికార్డు రాసి వదిలేసిన బోర్డు లాంటిదే చాలు. దుబాసీ పని.

దుబాసీకి రెండు ప్రలోభాలు ఉంటాయి. మొదటిది: సిగ్నల్ రాకపోతే ఏం చెప్పాలి? కోడ్‌లో తేలికైన దారి, చివరిగా వచ్చిన విలువనే మళ్ళీ మళ్ళీ పంపడం. ముల్లు వణకదు, వీడియోలో బాగుంటుంది. వైరు తెగిపోయి పది నిమిషాలైనా టెంపరేచర్ 88 దగ్గరే నవ్వుతూ ఉంటుంది. లేదా అసలేమీ పట్టించుకోకుండా చదివింది చదివినట్టు పంపడం. అది కూడా ప్రమాదమే. ఎందుకంటే మామూలు టెంపరేచర్ సెన్సర్‌లో వేడి పెరిగితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, వైరు తెగితే రెసిస్టెన్స్ అనంతం. అంటే ఇంజిన్ మరిగిపోతున్నా కోడ్‌కి అది "చాలా చల్లగా ఉంది" అనే కనిపిస్తుంది. విలువ లేకపోవడానికీ విలువ సున్నా కావడానికీ తేడా ఏంటని డేటాబేస్ క్లాసులో వైవా అడుగుతారు, చెప్పి మార్కులు తెచ్చుకుంటాం, ఇంటికొచ్చి అదే తప్పు రాస్తాం. ఇక్కడ చెయ్యాల్సింది ఒక్కటే. చదివిన విలువ అసాధ్యంగా ఉన్నా, అసలు రాకపోయినా, ముల్లుని ఎవరికైనా అనుమానం వచ్చే చోట పడేసి హెచ్చరిక లైటు వెలిగించాలి.

రెండో ప్రలోభం ఇంకా చెడ్డది. కొత్త క్లస్టర్ "ఎయిర్‌బ్యాగ్ ఏది? ఏబీఎస్ ఏది?" అని అడుగుతూ ఉంటుంది. జవాబు రాకపోతే లైట్లు వెలిగిస్తుంది. ఆ పాత కారులో ఎయిర్‌బ్యాగూ లేదు, ఏబీఎసూ లేదు. కాబట్టి మనవాడు కోడ్ రాస్తాడు: "ఎయిర్‌బ్యాగ్ బాగానే ఉంది" అని సెకనుకి పదిసార్లు. తాళం తిప్పగానే లైటు వెలిగి, మూడు సెకన్లలో ఆరిపోతుంది, అచ్చం నిజమైన కారులో టెస్ట్ పాసైనట్టే. రేపు ఆ కారు కొన్నవాడు ఆ లైటు ఆరిపోవడం చూసి ఏమనుకుంటాడు? లేని ఎయిర్‌బ్యాగ్ పనిచేస్తోందని అనుకుంటాడు. ఆ బొమ్మ మీద నల్ల టేపు వెయ్యడం పది రెట్లు మర్యాద.

"నా కారు నేనెప్పుడూ అమ్మను" అని వాదిస్తారు. కార్లు మనుషుల కంటే ఎక్కువ చేతులు మారతాయి. అన్నయ్య చేతిలో ఉన్నది కూడా ఎవరో ఎప్పటికీ అమ్మనన్న కారే అయ్యుండొచ్చు.

అందుకే ఓడోమీటర్ గురించి నాకు ఏ సందేహమూ లేదు. డబ్బా మారితే దాంతో పాటు వేరే కారు తిరిగిన దూరం మన కారులోకి వచ్చేస్తుంది. అమెరికాలో దీనికి 1972 నుంచి ఫెడరల్ చట్టం ఉంది. మీటర్ మార్చినప్పుడు పాత అంకెనే కొత్తదానిలో పెట్టాలి. పెట్టడం కుదరకపోతే సున్నా చేసి, పాత అంకె ఎంతో, ఏ తేదీన మార్చారో రాసి ఎడమ వైపు తలుపు ఫ్రేముకి అతికించాలి. ఎంత సింపుల్‌గా ఉందో చూడండి. ఒక కాగితం ముక్క, రెండు వివరాలు.

మన దగ్గర "మీటర్ వెనక్కి తిప్పడం" అనే మాట వినని ఇల్లు ఉండదేమో. మా నాన్న ఒకసారి సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. మీటర్ మీద నలభై వేలు. బ్రేక్ పెడల్ రబ్బరు మాత్రం అరిగి అరిగి నున్నగా గోళీలా ఉంది. అమ్మినాయన "లేడీస్ నడిపిన కారు సార్" అన్నారు, ఆ రెండిటికీ సంబంధమేంటో ఇప్పటికీ తెలియలేదు. డిజిటల్ వచ్చాక తిప్పడం ఆగుతుంది అనుకున్నారు, ఇంకా తేలికైంది. క్లస్టర్ లోపల ఒక చిన్న మెమరీ చిప్‌లో అంకె ఉంటుంది, చదివి రాసే పరికరం దొరుకుతుంది, అంతే. తమాషా ఏంటంటే, కొత్త క్లస్టర్‌లో మన కారు నిజమైన అంకెని రాయడానికీ అదే పరికరం కావాలి. పరికరాన్ని నిషేధిస్తే నిజం రాసేవాడే ఎక్కువ నష్టపోతాడు.

కంపెనీలు మాత్రం తలుపులు మూస్తున్నాయి. చాలా కొత్త కార్లలో క్లస్టర్‌ని ఆ కారు ఇమ్మొబిలైజర్‌తో ముడిపెడతారు. వేరే కారు క్లస్టర్ తగిలిస్తే బండి స్టార్టే కాదు. దొంగతనం ఆపడానికి అంటారు, అందులో న్యాయం ఉంది. కానీ ఏ మెసేజ్‌లో ఏ బైటు దేన్ని చెప్తుందో కూడా దాచడం ఎందుకు? ఇప్పుడు ఆ పట్టికలు చాలావరకు ఔత్సాహికులు ఒక్కో బైటు ఊహించి, పరీక్షించి రాసుకున్నవే, ఓపెన్‌డీబీసీ లాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో దొరుకుతాయి. ఊహ తప్పితే ముల్లు అబద్ధం చెప్తుంది. ఒక మోడల్ తయారీ ఆగిన పదిహేనేళ్ళకైనా ఆ పట్టికలు కంపెనీ బయట పెట్టాలన్నది నా డిమాండ్. అప్పటికి అందులో వ్యాపార రహస్యం ఏం మిగులుతుంది? తుప్పు తప్ప!

అన్నయ్య కారు సంగతి: గేర్‌బాక్స్‌కి సెన్సర్ పడింది. దాని పల్స్‌లే విడిగా ఇంజిన్ కంప్యూటర్‌కీ వెళ్తున్నాయి. పాత ఆయిల్ సెన్సర్ తియ్యలేదు, దానికి సరిపడే చిన్న 52 మి.మీ. మీటర్ పక్కన విడిగా వస్తోంది. క్లస్టర్‌లో ఉన్న దొంగ ముల్లుకి వైరు ఇవ్వలేదు, అది కిందే పడుకుని ఉంది. స్టిక్కర్ తలుపుకి అతికించాడు. మిగిలింది నా కోడ్‌లో ఒక సమస్య. 10 కి.మీ. లోపు వేగంలో పల్స్‌లు మరీ దూరంగా వస్తాయి కాబట్టి ముల్లు వణుకుతోంది. సగటు తీస్తే వణుకు పోతుంది, కానీ బ్రేక్ వేశాక ముల్లు ఆలస్యంగా దిగుతుంది. ఎంత సగటు తీస్తే నునుపు, ఎంత దాటితే అబద్ధం అన్నది నాకింకా తేలలేదు. ఈసీఈ వాళ్ళు ఎవరైనా ఇలాంటిది చేసి ఉంటే చెప్పండి, క్యాంటీన్‌లో టీ నాది.